కొట్టు అద్దె ఎంత న్యాయం? టేపు, కాగితం పట్టుకుని తేల్చుకునే పద్ధతి

మా కొట్టు పాలకొల్లులో. ఫ్యాన్సీ, స్టేషనరీ సామాను, పద్నాలుగేళ్లుగా అదే షట్టరు. 2023లో ఒక సాయంత్రం ఓనరు గారు వచ్చి, కూర్చుని, టీ తాగి, వచ్చే నెల నుంచి పద్దెనిమిది వేలు ఇవ్వమన్నారు. అప్పటికి నేను ఇస్తున్నది తొమ్మిది వేలు. "మూల మీద మొబైల్ షోరూం వాళ్లు నలభై ఇస్తున్నార్రా అబ్బాయ్, నేను అందులో సగం కూడా అడగట్లేదు" అన్నారు. ఆయన్ని నేను మావయ్య గారనే పిలుస్తాను, మా నాన్నగారి కాలం నుంచి తెలిసినవాళ్లు. గట్టిగా మాట్లాడలేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇవ్వలేనంటే ఖాళీ చెయ్యమంటారు, ఇస్తానంటే నెలాఖరుకి గల్లాపెట్టెలో ఏమీ మిగలదు, అదే టెన్షన్.

అవతలి వైపు బాధ కూడా నాకు తెలుసు. మా పిన్నికి రెండు షట్టర్లున్నాయి, బాబాయి పోయాక ఆవిడకి ఆధారం అవే. ఒక షట్టరులో ఉన్నాయన 2009లో కుదిరిన నాలుగు వేలే 2021 దాకా ఇచ్చుకుంటూ వచ్చాడు. పక్క షట్టరుకేమో పదకొండు వేలు వస్తోంది. అడిగినప్పుడల్లా "ఎప్పట్నుంచో ఉన్నాం కదండీ" అనేవాడు, ఆవిడ మొహమాటపడి ఊరుకునేది. ఆ మొహమాటంతోనే పన్నెండేళ్లు మందుల ఖర్చుకి మా అమ్మ దగ్గర చేబదులు తీసుకుంది.

అందుకని ఓనర్లకైనా, అద్దెకున్నవాళ్లకైనా పనికొచ్చేలా రాస్తున్నాను. రెండు చోట్లా నేను చేసింది ఒకటే: నోటిమాటగా వచ్చిన అంకెను పక్కనబెట్టి, పోల్చదగ్గ కొట్లన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి లెక్క వేశాను. అది చేస్తే గొడవలో ముప్పాతిక వంతు తగ్గిపోతుంది.

ముందు ఆ అంకె ఎక్కడిదో కనుక్కోండి

అద్దె పెంచమన్నప్పుడు ఎంత అన్నది వదిలేసి, దేన్ని చూసి అడుగుతున్నారో మర్యాదగా అడగండి. మా వైపు వినబడే కారణాలు నాలుగైదే. ఫలానా షోరూం ఇంత ఇస్తోంది. మా స్థలం గజం ఇంత పలుకుతోంది. మీకు వ్యాపారం బాగా జరుగుతోంది. పిల్ల పెళ్లి ఉంది. ఇక 2022 ఏప్రిల్లో భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలైన దగ్గర్నుంచి "జిల్లా వచ్చింది కదా" అనే మాట కూడా చేరింది. ఇందులో మొదటిది తప్ప మిగతావేవీ అద్దెకు కొలత కావు. మొదటిది కూడా ఆ షోరూం మన కొట్టులాంటిదైతేనే.

"మీకు వ్యాపారం బాగుంది" అన్న మాట దగ్గర నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. స్కూళ్లు తెరిచే జూన్లో పొద్దున్న ఆరింటికి షట్టరు ఎత్తి రాత్రి పదకొండుకి దించేది మేము. ఆ బేరం మా కష్టం వల్ల వచ్చింది, గోడల వల్ల రాలేదు. న్యాయమైన అద్దె అంటే, ఇదే కొట్టు ఇవాళ ఖాళీగా ఉందనుకుని, తొందర లేని ఓనరు, తొందర లేని బేరగాడు కూర్చుంటే కుదిరే అద్దె. అందులో నా పేరుకి, నా ఖాతాదారులకి విలువ కట్టకూడదు. అలాగే నాకు బేరాలు లేని సంవత్సరం వచ్చిందని ఓనరు గారు అద్దె తగ్గించుకోవాలనడం కూడా కుదరదు.

టేపు పట్టండి

ఇది అందరూ వదిలేసే పని. మా కొట్టు "పది ఇంటూ ఇరవై రెండు, రెండొందల ఇరవై అడుగులు" అని మొదట్నుంచీ అనుకుంటున్నాం. ఒక ఆదివారం పొద్దున్న ఓనరు గారబ్బాయి, నేను ఇనప టేపు పట్టుకుని లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలిచాం. వెడల్పు తొమ్మిదడుగుల మూడంగుళాలు, లోతు ఇరవై అడుగుల ఆరంగుళాలు. అంటే దాదాపు నూట తొంభై చదరపు అడుగులు. అందులో వెనక ఎడమవైపు పై అంతస్తు మెట్లు దిగే చోటు ఉంది, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అక్కడ తల వంచి నడవాలి, ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఇంకేమీ పెట్టలేం. ఆ ఇరవై నాలుగు అడుగుల్నీ సగంగా లెక్కేశాం. చివరికి తేలింది నూట డెబ్భై ఎనిమిది. ఆ అబ్బాయి కాగితం మీద రాసుకుని, "నాన్నకి ఇన్నాళ్లూ ఇది తెలీదండి" అన్నాడు. ఇద్దరం ఆ కాగితం మీద సంతకాలు పెట్టాం. తర్వాత జరిగిన మాటలన్నిటికీ ఆ కాగితమే ఆధారమైంది.

కొలిచేటప్పుడు ముందు వెడల్పు వేరేగా రాసుకోండి. ఇరవై అడుగుల ముఖం, ఇరవై లోతున్న కొట్టూ, పది ముఖం, నలభై లోతున్న కొట్టూ రెండూ నాలుగు వందల అడుగులే, కానీ రెండోది సగం గోడౌనుతో సమానం. లోతైన కొట్లకి నేను ముందు ఇరవై అడుగుల్ని పూర్తిగా, ఆ వెనక భాగాన్ని సగంగా లెక్కేస్తాను. అటక ఉంటే, మనిషి నిలబడే ఎత్తు ఉందో లేదో చూసి పావో సగమో వేసుకోవాలి. ఈ భిన్నాలు చట్టంలో ఎక్కడా లేవు, కానీ ఒకసారి ఒప్పుకున్న భిన్నాన్ని అన్ని కొట్లకీ ఒకేలా వర్తింపజేస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

పక్క కొట్ల అద్దెలు

మూడు కొట్లు చాలు, ఐదు దొరికితే మంచిది. అవి అదే రోడ్డులో, అదే వైపున, అటూ ఇటూగా అదే సైజులో, గత ఏడాది రెండేళ్లలో కుదిరినవై ఉండాలి. సందులోకి తిరిగిన కొట్టు మెయిన్ రోడ్డు కొట్టుతో పోలదు, బస్టాండు ఎదుటిది కూరగాయల మార్కెట్టు వెనకదానితో పోలదు. అద్దె ఎంతని అడిగితే ఓనరు పెంచి చెబుతాడు, అద్దెకున్నవాడు తగ్గించి చెబుతాడు. అందుకని ఇద్దర్నీ అడగండి. వీలైతే రసీదో, ఫోన్‌పేలో నెలనెలా వెళ్లిన మొత్తమో చూపించమనండి. పక్క కొట్టువాళ్లకి కూడా రేపు ఇదే అవసరం వస్తుంది కాబట్టి చాలామంది చూపిస్తారు.

ఇంకో మంచి దారి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. బ్యాంకులు, పెద్ద కంపెనీల షోరూములు ఏళ్ల తరబడి లీజు తీసుకుంటే దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటాయి. ఆ ఆస్తికి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీస్తే లీజు అందులో కనబడుతుంది, దస్తావేజు నకలు కూడా తీసుకోవచ్చు. అద్దె, అడ్వాన్సు, ఎన్నేళ్లకి ఎంత శాతం పెంపు, రిపేర్లు ఎవరివి, అన్నీ అందులో ఉంటాయి. మా మూల మీద షోరూం సంగతి నాకు అలాగే తెలిసింది. నలభై వేలు నిజమే. కానీ అది నాలుగు వందల ఇరవై అడుగులు, రెండు రోడ్ల ముఖం, ముందు ఇరవై బళ్లు ఆగే జాగా, అద్దాలు, త్రీఫేజ్ కరెంటు అన్నీ ఓనరే పెట్టించి ఇచ్చారు. అడుగుకి తొంభై అయిదు రూపాయలు పడింది. దాన్ని నా కొట్టు పక్కన పెట్టి చూడటం ధర్మం కాదని ఓనరు గారబ్బాయే ఒప్పుకున్నాడు.

లెక్కలోకి తీసుకోకూడనివి రెండున్నాయి. ఒకటి "టు లెట్" బోర్డు మీది ధర. మా వరసలోనే ఒకటి ఇరవై వేలు చెబుతూ ఎనిమిది నెలలు ఖాళీగా ఉంది, అంటే ఆ ధరకి ఎవరూ రాలేదన్నమాట. రెండోది మున్సిపాలిటీ, పంచాయతీ, దేవస్థానం కొట్ల వేలం పాట. పాటలో పంతానికి పోయి పాడిన అంకెలుంటాయి, ఆరు నెలలు తిరక్కుండా బకాయి పడి తాళాలు పడ్డవీ ఉంటాయి. పాట జరిగి ఏడాది దాటి, పాటదారు ఇంకా క్రమంగా కడుతుంటే మాత్రం అది మంచి ఆధారమే.

అడ్వాన్సును కూడా అద్దెలోకి మార్చాలి

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఈ లెక్క. ఒకరు పదకొండు వేలు అద్దె, రెండు లక్షలు అడ్వాన్సు. ఇంకొకరు పదమూడు వేలు అద్దె, అడ్వాన్సు లేదు. వినడానికి మొదటిది చవక. కానీ రెండు లక్షలకి నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకి రెండు వేలు. కాబట్టి రెండూ పదమూడు వేలే. మీ ఊళ్లో నడిచే వడ్డీ వేసుకుంటారో, బ్యాంకు డిపాజిట్ వడ్డీ వేసుకుంటారో మీ ఇష్టం, కానీ అన్ని కొట్లకీ ఒకే వడ్డీ వెయ్యండి.

నేను వేసిన లెక్క ఇది. నాలుగు కొట్ల అవతల మెడికల్ షాపు: అద్దె 15,000, అడ్వాన్సు లక్ష, అంటే కలిపి 16,000, కొలత 200 అడుగులు, అడుగుకి 80 రూపాయలు. ఎదురుగా మ్యాచింగ్ సెంటరు: 11,000కి రెండు లక్షల వడ్డీ కలిపితే 13,000, కొలత 180, అడుగుకి 72. మా వైపే చెప్పుల కొట్టు: 14,000, లక్షన్నర అడ్వాన్సు, కలిపి 15,500, కొలత 205, అడుగుకి 75 రూపాయల అరవై పైసలు. మూడూ చూస్తే మధ్యరకంగా 76 అనుకున్నాం. నా 178 అడుగులకి 13,528.

ఇందులో ఇంకొన్ని దాగి ఉంటాయి, జాగ్రత్త. ఆస్తి పన్ను ఎవరు కడుతున్నారు? మోటారు కరెంటు, వాచ్‌మన్ ఖర్చు? కొట్టుకి సొంత మీటరుందా, లేక ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఎక్కువ తీసుకుంటున్నారా? ఎక్కువ తీసుకుంటుంటే ఆ తేడా కూడా అద్దె కిందే లెక్క. నెలకి నాలుగైదు వందలే అనిపిస్తుంది గానీ చిన్న కొట్టుకి అడుగు లెక్కలో రెండు మూడు రూపాయలు మారిపోతుంది.

తగ్గించేవీ, పెంచేవీ

డెల్టాలో ఉన్నవాళ్లకి ఒక విషయం చెప్పక్కర్లేదు, కానీ అద్దె దగ్గర మరిచిపోతాం: మెరకా, పల్లమూ. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే పాత కొట్లన్నీ పల్లంలో పడ్డాయి. మా గుమ్మం ఒకప్పుడు రోడ్డు కంటే రెండు మెట్లు పైన ఉండేది, ఇప్పుడు రోడ్డే ఒక మెట్టు పైన ఉంది. గట్టి వాన పడితే గుమ్మానికి అడ్డంగా ఇసక బస్తాలు వేసుకుని, కింది అరలోని నోటు పుస్తకాలన్నీ పైకి ఎక్కించాలి. ముందున్న డ్రైను మీద పలక లేదు, ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని దాటుతుంటారు. మెడికల్ షాపు ఓనరు నేల ఎత్తు చేయించి, డ్రైను మీద పలక వేయించి ఇచ్చారు. ఆ తేడాకి అయిదు శాతం తగ్గించమని అడిగాను. 13,528లో అయిదు శాతం పోతే 12,852. నా అడ్వాన్సు లక్ష ఓనరు గారి దగ్గరే ఉంది, దాని వడ్డీ వెయ్యి తీసేస్తే 11,852.

నేలకి టైల్సు నేను వేయించాను, పైన సీలింగూ గోడల వెంట అరలూ నావే. వాటిని చూసి "కొట్టు ఎంత బాగుందో" అని అద్దె పెంచితే నా డబ్బుకి నేనే అద్దె కట్టినట్టు. అందుకని పోలిక ఎప్పుడూ ఓనరు ఇచ్చిన స్థితితోనే చెయ్యాలి. దీనికి సాక్ష్యంగా అప్పటి బిల్లులు, దిగిన రోజు ఫోటోలు ఉంటే మంచిది. కొత్తగా కొట్టు తీసుకునేవాళ్లు తాళం చేతికి రాగానే నాలుగు గోడలూ, నేలా, మీటరూ ఫోటో తీసి ఓనరు గారికి వాట్సాప్‌లో పంపేయండి, తేదీతో సహా ఉండిపోతుంది.

పెంచేవి కూడా నిజాయితీగా రాసుకోవాలి. ముందు బండి పెట్టుకునే జాగా, వెనక బాత్రూము, సరుకు దించడానికి వెనక దారి, ఎదురుగా కొత్తగా తెరిచిన కాలేజీ లాంటివి. మా పిన్ని షట్టరు ఎదుట బస్సులు ఆగడం మొదలైంది, దానికి మేం పది శాతం వేశాం, ఆ అద్దెకున్నాయన కాదనలేకపోయాడు. చివరికి నాలుగు వేల నుంచి పదివేలకి, కానీ ఒక్కసారిగా కాకుండా ఏడున్నర, తొమ్మిది, పది అని మూడేళ్లలో ఎక్కేలా ఒప్పుకున్నాం. ఒక్కసారే ఎక్కిస్తే ఆయన వెళ్లిపోయేవాడు, ఖాళీగా పడి ఉన్న ఆరు నెలల అద్దె పిన్నికే నష్టం.

స్థలం ధర సంగతి

"గజం ఇంత ఉంది, బ్యాంకులో వేస్తే ఇంత వడ్డీ వస్తుంది" అని ఓనర్లు అంటారు. మా వైపు స్థలాల ధరలు కొట్టు సంపాదనతో ముడిపడి లేవు. చేపల, రొయ్యల చెరువుల డబ్బు, విదేశాల్లో పిల్లల డబ్బు వచ్చి చేరి ధరలు ఎక్కించాయి, కొనేవాడు రేపు ఇంకా పెరుగుతుందని కొంటాడు. ఆ పెరుగుదల ఎలాగూ ఓనరుదే. దాని మీద బ్యాంకు వడ్డీ మొత్తం కూడా అద్దెగా కావాలంటే ఏ కిరాణా కొట్టూ నిలబడదు. రిజిస్ట్రేషన్ శాఖ వారి మార్కెట్ విలువ చూపించినా సంగతి ఇంతే. ఆస్తి పన్ను చీటీని కూడా ఇదివరకంత ధీమాగా ఆధారం చేసుకోలేం. పూర్వం పట్టణాల్లో అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు, 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. అందుకని 2021కి ముందు చీటీ ఉంటే అప్పట్లో మున్సిపాలిటీ ఆ కొట్టుకి ఎంత అద్దె విలువ రాసుకుందో తెలుస్తుంది, ఆ తర్వాతి చీటీలో అది దొరకదు.

అద్దెకున్నవాళ్లు చేసుకోవాల్సిన సొంత పరీక్ష వేరే ఉంది. మన బేరాలన్నీ పంట చేతికొచ్చే రోజులు, పెళ్లి ముహూర్తాలు, సంక్రాంతి చుట్టూ తిరుగుతాయి. జనవరి అమ్మకాలు చూసుకుని అద్దెకు ఒప్పుకోకండి. ఆషాఢంలో మూడు నెలలకిందటి ఉద్దెర ఇంకా వసూలు కాని రోజుల్లో కూడా కట్టగలరా అని చూసుకోండి. కట్టలేకపోతే అద్దె న్యాయమైనదే అయినా ఆ కొట్టు మీకు సరిపోదు. అది ఒప్పుకోవడం కష్టమే, కానీ అప్పు చేసి అద్దె కట్టి రెండేళ్లకి సామానంతా సగం ధరకి అమ్ముకున్నవాళ్లని మా వీధిలోనే చూశాను.

చట్టం ఏమంటుంది

మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉండేది. అందులో నాలుగో సెక్షను ప్రత్యేకంగా న్యాయమైన అద్దె నిర్ణయం గురించే. ఓనరైనా, అద్దెకున్నవాడైనా రెంట్ కంట్రోలరు దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఆ లెక్క 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల ఇలాంటి కట్టడాలకి నడిచిన అద్దెతో మొదలయ్యేది. చుట్టుపక్కల, ఇలాంటి, ఫలానా కాలంలో, ఈ మూడు మాటలే నేను పైన చెప్పిన పద్ధతికి మూలం. ఆ చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త చట్టం చేసింది. ఇందులో అద్దె అంటే ఇద్దరూ కాగితం మీద ఒప్పుకున్నదే, అందుకని అగ్రిమెంటు రాత ముందుకంటే చాలా ముఖ్యమైంది. మీది పాత తగాదా అయితే ఏ చట్టం కింద నడుస్తుందో ప్లీడరు గారికి కాగితాలన్నీ చూపించి అడగండి.

ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి. అగ్రిమెంటు గడువు ఉండగా, అందులో రాయని పెంపును ఓనరు ఒక్కరే అనుకుని వెయ్యలేరు. కాగితం మీద రాసుకున్న లీజు రిజిస్టరు కావాలి, మన రాష్ట్రంలో 1999 సవరణ నుంచి ఏడాదికి లోపలిదైనా సరే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్లకి రాసుకుని రిజిస్టరు చేయించకపోతే, కోర్టులో ఆ మూడేళ్ల షరతు నిలబడదు, నెలవారీ అద్దె కిందే చూస్తారు. ఏడాదికి మించితేనే రిజిస్టరు కావాలన్న లెక్కతో అందరూ పదకొండు నెలలకి రాసుకుంటారు గానీ, మన రాష్ట్రంలో ఆ వెసులుబాటు లేదు. నెలవారీ అద్దెను ముగించాలంటే ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా, ఇవ్వకపోయినా తాళం వేసెయ్యడం, సామాను బయట పెట్టించడం ఓనరు చేతిలో లేదు, కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగవచ్చు.

తగాదా నడుస్తున్నన్నాళ్లూ పాత అద్దె ఒక్క నెల కూడా ఆపకండి. దయచేసి ఆపకండి. "తేలాక మొత్తం ఒకేసారి ఇస్తాను" అన్నవాళ్ల కేసు బకాయిల కేసుగా మారిపోతుంది, న్యాయం మీ వైపు ఉన్నా లాభం ఉండదు. ఓనరు తీసుకోనంటే వాళ్ల బ్యాంకు ఖాతాకే వేసి, ఏ నెల అద్దో మెసేజీ పెట్టండి. చేతికి ఇచ్చే అలవాటుంటే రసీదు తీసుకోండి.

పన్నుల సంగతి కూడా అద్దె అంకెలో కలిపి చూసుకోవాలి. కొట్టు అద్దె మీద జీఎస్టీ 18 శాతం. ఓనరుకి జీఎస్టీ నంబరు లేకుండా, మీకు మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను మీరే కట్టాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతమే కట్టే జీఎస్టీ పద్ధతిలో) ఉన్నవాళ్లని 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి తప్పించారు. పన్నెండు వేల అద్దె మీద 2,160 రూపాయలంటే చిన్న మాట కాదు, క్రెడిట్ తీసుకోగలరో (మీ అమ్మకాల పన్నులో దాన్ని తగ్గించుకోగలరో) లేదో మీ ఆడిటరు గారితో ముందే మాట్లాడుకోండి. అద్దె ఇచ్చేటప్పుడే ఆదాయపు పన్ను కింద కొంత మినహాయించే టీడీఎస్ నెలకి యాభై వేలు దాటితేనే కాబట్టి మనలాంటి కొట్లకి సాధారణంగా రాదు.

కూర్చుని మాట్లాడిన రోజు

నేను ఆ లెక్కంతా ఒక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. కొట్లో మాట్లాడలేదు, పది మంది ముందు ఓనరు గారు తగ్గలేరు. వాళ్లింటికి పొద్దున్నే వెళ్లాను, పెద్దమనిషిగా రెండు వైపులా తెలిసిన రిటైర్డ్ మాస్టారొకాయన్ని రమ్మన్నాను. "మావయ్య గారూ, అద్దె పెంచొద్దని రాలేదండి. ఎంత పెంచాలో నేనే లెక్క వేసుకొచ్చాను, తప్పుంటే మీరే దిద్దండి" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మెడికల్ షాపు దగ్గర ఆగారు. "వాడు పదిహేను ఇస్తున్నాడుగా మరి" అన్నారు. కొలత చూపించాను, డ్రైను పలక సంగతి చెప్పాను. కొడుకు టేపు కాగితం తెచ్చి చూపించాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పలక నేను వేయిస్తాను, పన్నెండున్నర చెయ్యి" అన్నారు. చేశాను. నా లెక్క కంటే ఆరొందల యాభై ఎక్కువే, కానీ పలక వేస్తే నేను తగ్గించమన్న అయిదు శాతానికి కారణం ఉండదు, కాబట్టి ఆ అంకె సరైందే.

ఇలా కుదరకపోతే నేరుగా దావాకి వెళ్లే ముందు లోక్ అదాలత్‌కి వెళ్లండి. కేసు వెయ్యకముందే అర్జీ పెట్టుకోవచ్చు, మీ దగ్గరి కోర్టులోని న్యాయసేవల కమిటీ ఆఫీసులో అడిగితే చెబుతారు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదు కాబట్టే సంతకం పెట్టే ముందు అంకెలూ తేదీలూ రెండుసార్లు చదువుకోండి.

అగ్రిమెంటులో రాయించాల్సినవి

లోపలి కొలత ఎన్ని అడుగులో. పెంపు ఏడాదికి ఎంత శాతమో, ఏ నెల నుంచో. మేం ఏడాదికి అయిదు శాతం అనుకున్నాం. శాతం రాసేటప్పుడు దేని మీద శాతమో కూడా రాయించండి, మొదటి అద్దె మీదా, నిరుటి అద్దె మీదా అన్నది. 12,500 మీద ఏటా అయిదు శాతం చొప్పున నాలుగు సార్లు పెంచితే మొదటి పద్ధతిలో 15,000, రెండో పద్ధతిలో దాదాపు 15,194. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో. ఆస్తి పన్ను, జీఎస్టీ ఎవరివో. ఎవరు పెట్టించిన సామాను వెళ్లేటప్పుడు ఎవరిదో.

లంకలకి దగ్గర్లో, కాలవగట్ల మీద కొట్లున్నవాళ్లు ఇంకో మాట తప్పకుండా రాయించుకోండి. వరద నీళ్లొచ్చి వారమో పది రోజులో మూతపడితే అద్దె దానంతట అది తగ్గదు. చట్టంలో వరదల మాట ఉంది గానీ, అది కట్టడంలో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైనప్పటి, లేదా చాలావరకూ, శాశ్వతంగా పనికిరాకుండా పోయినప్పటి సంగతి. అందుకని "నీళ్ల వల్ల ఇన్ని రోజులు దాటి మూతపడితే ఆ రోజుల అద్దె ఉండదు" అని ఒక వాక్యం ముందే రాసుకుంటే, ఆగస్టులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఓనరుతో వాదించాల్సిన పని ఉండదు.

మా డ్రైను మీద పలక ఆ ఏడాది వానలకి ముందే వేశారు. కొలత కాగితం అగ్రిమెంటు వెనక పిన్ను కొట్టి ఉంది, ఒక నకలు ఓనరు గారి దగ్గర, ఒకటి నా గల్లాపెట్టెలో.